పక్షుల దీవికి పట్టా ఎవరిది?



పొలిమేర తగాదా అంటే ఏమిటో సరిహద్దు జిల్లాల్లో ఉండే మీకు నేను వివరించనక్కరలేదు. గట్టు జరిపాడని ఒకరంటారు. గట్టు తాతల నాటి నుంచీ అక్కడే ఉందని ఇంకొకరంటారు. పంచాయితీ కూర్చున్నప్పుడు పెద్దలు అడిగే ప్రశ్నలు రెండే. పట్టా ఎవరి పేరున ఉంది? అనుభవం ఎవరిది? రెండూ ఒకరివే అయితే తగాదా లేదు. కాగితం ఒకరి పెట్టెలో ఉండి, నాగలి ఇంకొకరిదై, కౌలు మూడోవాడు వసూలు చేసుకుంటూ ఉంటే అప్పుడు వస్తుంది అసలు చిక్కు.

సరిగ్గా ఇలాంటి తగాదా పసిఫిక్ మహాసముద్రం నడుమ ఒక చిన్న దీవి మీద 34 ఏళ్లపాటు నడిచింది. 1897లో మొదలై 1931లో తీర్పుతో ముగిసింది. ఆ దీవి పేరు క్లిప్పర్టన్. దేశాలు తగువులాడుకున్నది అక్కడి బంగారం కోసం కాదు, వజ్రాల కోసమూ కాదు. పక్షుల రెట్ట కోసం. ఆ తగాదా ఎలా పుట్టింది, ఎలా తీరింది, మధ్యలో నలిగిపోయినవాళ్లు ఎవరు అన్నది ఈనాటి ప్రసంగంలో చూద్దాం.

ముందు దీవిని కళ్లకు కట్టించుకోవాలి. మన దిండిగల్ పట్టణం ఏ అక్షాంశం మీద ఉందో, ఇంచుమించు అదే అక్షాంశం మీద, భూగోళానికి అవతలి పక్కన ఉంది క్లిప్పర్టన్. మెక్సికో తీరం నుంచి సుమారు 1,100 కిలోమీటర్ల దూరం. ఉంగరం ఆకారంలో పగడపు దిబ్బ. ఆ ఉంగరం చుట్టూ నడిస్తే 12 కిలోమీటర్లు. నేల మొత్తం కలిపితే 2 చదరపు కిలోమీటర్లకు మించదు. మధ్యలో మూతపడిన చెరువులాంటి సరస్సు. ఒక మూల 29 మీటర్ల ఎత్తున ఒకే ఒక్క రాతి గుట్ట. చుట్టూ విరిగిపడే అలలు, పడవను ఒడ్డుకు చేర్చాలంటే ప్రాణాల మీదికి వచ్చే పగడపు అంచు. రేవు లేదు. నీడనిచ్చే అడవి లేదు. ఉన్నవల్లా వేలాది సముద్రపు పక్షులు, నేల మీద పాకే పీతలు.

క్లిప్పర్టన్ అనేది 18వ శతాబ్ది మొదట్లో ఆ సముద్రాల్లో తిరిగిన ఒక ఇంగ్లీషు ఓడదోపిడీదారు పేరు. 1711లో గుడ్ ఫ్రైడే నాడు రెండు ఫ్రెంచి ఓడలు ఈ దీవిని చూశాయి. క్రీస్తు శ్రమలను తలచుకునే రోజు కనుక వాళ్లు దీనికి 'పాషన్ దీవి' అని పేరు పెట్టారు. తర్వాతి కాలంలో మెక్సికో వాడుకున్నది ఈ ఫ్రెంచివారు పెట్టిన పేరే! లోకంలో నిలిచింది మాత్రం ఇంగ్లీషువాడి పేరు. పేరు దగ్గరే ఇంత కలగాపులగం ఉంటే, హక్కు దగ్గర ఎంత ఉంటుందో మీరే ఊహించండి.

ఇక పక్షుల రెట్టకు అంత విలువ ఎక్కడిది? రైతు శ్రోతలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వేసవిలో మన పొలాల్లో గొర్రెల మంద కట్టిస్తాం. రెండు రాత్రులు మంద పడుకుంటే ఆ చేను పచ్చదనమే వేరు. సముద్రపు దీవుల్లో వేల ఏళ్లుగా పక్షులు అదే పని చేస్తూ వచ్చాయి. దక్షిణ అమెరికాలో పెరూ తీరాన వాన దాదాపు పడదు. అక్కడి చించా దీవుల మీద ఈ రెట్ట గుట్టలు గుట్టలుగా పేరుకుపోయింది. దాన్ని గ్వానో అంటారు. 1840ల నుంచి ఆ ఎరువు ఓడల కొద్దీ ఇంగ్లండుకు, ఇతర ఐరోపా దేశాలకు, అమెరికాకు పోయింది. రసాయనిక ఎరువుల కర్మాగారాలు ఇంకా రాని కాలం అది. సారం తగ్గిన పొలాలకు గ్వానో సంజీవని అయింది. ధర కూడా అలాగే పెరిగింది.

పెరూ చెప్పిన ధరకు కొనడం ఇష్టం లేక మిగతా దేశాలు కొత్త దీవుల కోసం వెతుకులాట మొదలుపెట్టాయి. 1856లో అమెరికా ఏకంగా ఒక చట్టమే చేసింది. ఏ దేశానికీ చెందని దీవిలో అమెరికా పౌరుడు ఎవరైనా గ్వానో కనిపెట్టి, శాంతియుతంగా స్వాధీనం చేసుకుంటే, ఆ దీవిని అమెరికాకు చెందినదిగా భావించవచ్చునని దాని సారాంశం. రెట్ట కోసం రాజ్య విస్తరణ అన్నమాట! ఈ చట్టం పేరు చెప్పి పదుల కొద్దీ దీవుల మీద దరఖాస్తులు పడ్డాయి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వానలు పడే దీవుల్లో రెట్టలోని నత్రజని నీళ్లతో కొట్టుకుపోతుంది. భాస్వరం మిగులుతుంది. అది పగడపు సున్నంతో కలిసి ఫాస్ఫేటు ఖనిజంగా గట్టిపడుతుంది. దాన్ని తవ్వి, ఆమ్లంతో కలిపితే సూపర్ ఫాస్ఫేటు. ఇవాళ మన ఎరువుల దుకాణంలో దొరికే బస్తా పేరే అది. క్లిప్పర్టన్ వానలు పడే దీవి. అక్కడి సరుకు పెరూ సరుకంత మేలైనది కాదు. అయినా దేశాల కన్ను దాని మీద పడింది.

ముందుగా కదిలింది ఫ్రాన్సు. అప్పుడు ఫ్రాన్సును ఏలుతున్నది చక్రవర్తి మూడో నెపోలియన్. 1858 ఏప్రిల్ 8న క్లిప్పర్టన్ గ్వానో తవ్వుకునే హక్కును లాకార్ట్ అనే ఆసామికి ఇస్తూ ఆయన ఆమోదముద్ర వేశాడు. దీవి ఇంకా ఫ్రాన్సుది కాలేదు. తవ్వుకునే అనుమతి మాత్రం ముందే సిద్ధమైపోయింది. మరి దీవిని తనది చేసుకోవాలి కదా! ఆ పని మీద విక్టర్ లె కోయాట్ ద కెర్వెగెన్ అనే నౌకాదళ లెఫ్టినెంటును పంపారు. ఆయన వెళ్లింది యుద్ధనౌక మీద కూడా కాదు, 'లామిరాల్' అనే వర్తక నౌక మీద.

1858 నవంబరు 17న ఓడ దీవికి అరమైలు దూరంలో ఉండగా, ఆ లెఫ్టినెంటు ఓడ మీదే కూర్చుని ఒక పత్రం రాశాడు. నేటి నుంచి ఈ దీవి మీద సార్వభౌమాధికారం శాశ్వతంగా ఫ్రెంచి చక్రవర్తిదని అందులోని మాట. తర్వాత నానా తిప్పలూ పడి ఒక పడవలో కొందరు నావికులు ఒడ్డుకు చేరారు. 20వ తేదీన మరోసారి దిగబోతే సాధ్యపడలేదు. ఆ సాయంత్రమే ఓడ వెళ్లిపోయింది. దీవి మీద జెండా పాతలేదు. రాతి గుర్తు పెట్టలేదు. చిన్న బోర్డయినా నిలబెట్టలేదు.

అయితే ఆయన ఒక పని చేశాడు. హవాయి దీవుల్లోని హొనొలులు వెళ్లి, అక్కడి ఫ్రెంచి కాన్సలుకు సంగతి తెలియజేశాడు. కాన్సలు హవాయి ప్రభుత్వానికి కబురు పెట్టాడు. డిసెంబరు 8న 'ద పాలినేషియన్' అనే హొనొలులు పత్రికలో ఇంగ్లీషులో ప్రకటన వేయించారు. ఈ పత్రికా ప్రకటనను మనసులో పెట్టుకోండి. 73 ఏళ్ల తర్వాత మళ్లీ దీని అవసరం పడుతుంది.

ఆ తర్వాత? ఏమీ లేదు. లాకార్ట్‌కు ఇచ్చిన హక్కు కాగితం మీదే ఉండిపోయింది. ఏ ఫ్రెంచి పౌరుడూ అక్కడ ఒక్క పార కూడా వేయలేదు. మన మాటల్లో చెప్పాలంటే, పట్టా పుట్టింది కాని సాగు లేదు. దాదాపు 40 ఏళ్లు దీవి పక్షులకే మిగిలింది.

1890లలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి అమెరికన్లు వచ్చారు. ఓషియానిక్ ఫాస్ఫేట్ కంపెనీ మనుషుల్ని దింపి తవ్వకం సాగించింది. వాళ్ల దగ్గర చక్రవర్తి ఇచ్చిన పత్రం లేదు. గడ్డపారలు ఉన్నాయి. ఈ కబురు మెల్లగా ఫ్రాన్సు చెవిన పడింది. 1897 నవంబరు 24న ఒక ఫ్రెంచి యుద్ధనౌక దీవి దగ్గరికి వచ్చింది. చూస్తే అక్కడున్నది ముగ్గురంటే ముగ్గురు మనుషులు. ఫ్రెంచి ఓడ కనపడగానే వాళ్లు అమెరికా జెండా ఎగరేశారు. ఫ్రాన్సు అమెరికాను సంజాయిషీ అడిగింది. ఆ కంపెనీకి మేము ఏ హక్కూ ఇవ్వలేదు, ఆ దీవిని కోరే ఉద్దేశమూ మాకు లేదు అని 1898 జనవరి 28న అమెరికా ప్రభుత్వం తేల్చి చెప్పింది. తవ్వేవాళ్లను కన్న దేశమే కాదంది.

ఈ ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తూ ఉండగానే మూడో పక్షం దిగింది. క్లిప్పర్టన్ తమదేనని మెక్సికో ఎప్పటి నుంచో భావిస్తోంది. స్పెయిను ఏలుబడిలోని భూములన్నీ స్వాతంత్ర్యంతో తమకు సంక్రమించాయనీ, ఈ దీవీ అందులో భాగమేననీ దాని వాదన. ఇంగ్లండు ఆ దీవిని కాజేయబోతోందని ఒక పుకారు పుట్టింది. ఆ పుకారు నిజం కాదని తర్వాత తేలింది. కాని అది విని మెక్సికో 'దెమోక్రాతా' అనే తుపాకుల ఓడను పంపింది. 1897 డిసెంబరు 13న ఆ ఓడ సైనికులు ఒడ్డున దిగారు. అమెరికా జెండా దింపించి మెక్సికో జెండా ఎగరేయించారు. ముగ్గురిలో ఇద్దరు దీవి విడిచి వచ్చేశారు. మూడో మనిషి నేను రాను అని అక్కడే ఉండిపోయాడు. రెండు రోజుల తర్వాత ఓడ వెళ్లిపోయింది.

చూడండి, ఎంత చిత్రమైన పరిస్థితో! నెల తిరగక ముందే ఒకే గుంజకు రెండు జెండాలు మారాయి. మూడో దేశం పత్రం చేతపట్టుకుని బయట నిలబడింది. 1898 జనవరి 8న ఫ్రాన్సు మెక్సికోకు తన హక్కును గుర్తుచేసింది. లేఖల మీద లేఖలు నడిచాయి.

లేఖలు నడిచినంత కాలం వ్యాపారం ఆగలేదు. లండనులో స్థాపించిన పసిఫిక్ ఐలాండ్స్ కంపెనీ రంగంలోకి వచ్చింది. దాని పెద్దల్లో జాన్ ఆరండెల్ అనే ఆయన పసిఫిక్ దీవుల గ్వానో వ్యాపారంలో పండిపోయినవాడు. ఆ కంపెనీ ఫ్రాన్సు దగ్గరికి పోలేదు. మెక్సికో అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ ప్రభుత్వం నుంచి తవ్వకం హక్కు తీసుకుంది. అంటే పట్టా తనదేనని ఫ్రాన్సు అంటోంది, కౌలు మెక్సికో రాయించుకుంటోంది, సాగు లండను కంపెనీ చేస్తోంది. మొదట్లో నేను చెప్పిన చిక్కు ఇదే.

1906 నాటికి అక్కడ ఒక చిన్న ఊరే వెలిసింది. కూలీలకు, సైనికులకు ఇళ్లు కట్టారు. ఆ రాతి గుట్ట మీద దీపస్తంభం నిలిపారు. తమ హక్కును కళ్లకు కనిపించేలా చేయాలని మెక్సికో సైనిక దళాన్ని కాపలా పెట్టింది. దానికి అధికారి రామోన్ ఆర్నో. ఆయన మెక్సికో మనిషే కాని వంశం మాత్రం ఫ్రాన్సు నుంచి వచ్చినది. భార్య అలీసియాతో అక్కడే కాపురం పెట్టాడు. సైనికుల భార్యలు, పిల్లలు కూడా వచ్చారు. ఒక దశలో వందమంది దాకా ఉండేవారు. తిండిగింజలు, కూరగాయలు, మందులు, అన్నీ అకపుల్కో రేవు నుంచి ఓడలో రావలసిందే.

గని మాటేమైంది? లాభం రాలేదు. సరుకు నాసి, ఓడకు ఎక్కించడం గండం. ఈలోగా అదే లండను కంపెనీకి వేరేచోట లంకెబిందెలు దొరికాయి. దాని సిడ్నీ కార్యాలయంలో తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టిన ఒక రాయిని ఆల్బర్ట్ ఎలిస్ అనే ఉద్యోగి పరీక్ష చేయించాడు. అది మేలైన ఫాస్ఫేటు. ఆ రాయి వచ్చింది నౌరూ దీవి నుంచి. పక్కనున్న బనాబా దీవిలోనూ అదే నిల్వ. 1900లో బనాబా వాసులతో 999 ఏళ్లకు ఒప్పందం రాయించుకున్నాడు. ప్రతిఫలం ఏడాదికి 50 పౌన్లు! ఆ దీవుల కథ వేరే ప్రసంగానికి సరిపోతుంది. మన కథకు కావలసింది ఇంతే. అక్కడ అంత సిరి దొరికాక క్లిప్పర్టన్ మీద కంపెనీకి మోజు తీరిపోయింది.

వ్యాపారికి మోజు తీరితే మూట కట్టుకుని పోతాడు. రాజ్యానికి పంతం తీరదు. 1909 మార్చి 2న ఫ్రాన్సు, మెక్సికో ఒక ఒప్పందానికి వచ్చాయి. తగవు తీర్చే మధ్యవర్తిగా ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్‌ను ఎంచుకున్నాయి. ఆయన చెప్పిందానికి ఇద్దరూ కట్టుబడాలి.  తీర్పు రావడానికి ఎన్నాళ్లు పట్టిందనుకున్నారు? 22 ఏళ్లు.

ఆ 22 ఏళ్లలో ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను. 1910లో మెక్సికోలో విప్లవం రేగింది. 1911లో దియాస్ దేశం విడిచి పారిపోయాడు. ఒక ప్రభుత్వం పడిపోయి ఇంకొకటి, అదీ పడిపోయి మరొకటి. రాజధానిలో ఎవరు ఉంటారో తెలియని రోజుల్లో, 1,100 కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉన్న గుప్పెడు మందికి బియ్యం, బీన్సు పంపాలని ఎవరికి గుర్తుంటుంది? ఓడలు రావడం తగ్గింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది.

1914 ఫిబ్రవరిలో తుపాను ఆ దీవిని చీల్చి చెండాడింది. ఆ నెలాఖరునే 'నోకోమిస్' అనే అమెరికన్ తెరచాప ఓడ అక్కడి పగడపు అంచు మీద బద్దలైంది. ప్రాణాలతో బయటపడ్డ నావికులు దీవికి చేరారు. వారిలో కొందరు చిన్న పడవలో సాహసించి అకపుల్కో చేరి కబురందించారు. జూన్ నెలలో అమెరికా యుద్ధనౌక 'క్లీవ్‌లండ్' వచ్చింది. తమ నావికులను, కంపెనీ ఆఖరి మనిషిని ఎక్కించుకుంది. మీరూ రండి, అందరినీ తీసుకుపోతాం అని ఆర్నోతో అన్నారని చెబుతారు. అప్పటికే ఏప్రిల్లో అమెరికా సేనలు మెక్సికోలోని వెరాక్రూజ్ రేవును ఆక్రమించి ఉన్నాయి. శత్రువు ఓడ ఎక్కి, ఉత్తరువు లేకుండా కాపలా స్థలాన్ని వదలడం ఆ అధికారికి మనసొప్పలేదు. ఓడ వెళ్లిపోయింది. తనను అక్కడ నిలిపిన ప్రభుత్వం కూలిపోతోందన్న సంగతి ఆయన లెక్కలోకి రాలేదు.

ఆ తర్వాత మిగిలింది చేపలు, పక్షుల గుడ్లు, కొద్దిపాటి కొబ్బరి చెట్లు. కూరలు, పండ్లు లేని చోట స్కర్వీ వ్యాధి వస్తుంది. చిగుళ్ల నుంచి నెత్తురు కారుతుంది, పాత గాయాలు కూడా తిరగబెడతాయి, మనిషి నీరసించి పోతాడు. ఒక నిమ్మకాయ, ఒక ఉసిరికాయ నయం చేయగల జబ్బు అది. ఆ నిమ్మకాయ లేక ఒక్కొక్కరే రాలిపోయారు. ఒకరోజు దూరాన ఓడ ఒకటి కనిపించింది. ఆర్నో, ఓపిక ఉన్న మగవాళ్లు పడవ వేసుకుని దాని వెంట పడ్డారు. ఆ పడవ తిరిగి రాలేదు. ఒడ్డున నిలబడ్డ భార్యాపిల్లల కళ్లెదుటే మునిగిపోయింది.

మిగిలిన మగవాడు ఒక్కడే. దీపస్తంభం కాపరి విక్టోరియానో ఆల్వరేజ్. రాత్రిపూట దారి చూపవలసిన దీపం వాడి చేతిలోనే ఉంది. వాడు ఆయుధాలన్నీ తన అధీనంలోకి తెచ్చుకుని, ఈ దీవికి నేనే రాజునని ప్రకటించుకున్నాడు. కంచే చేను మేసింది. దిక్కులేని ఆడవాళ్ల మీద నెలల తరబడి అత్యాచారాలు సాగించాడు, హత్యలూ చేశాడు. చివరికి 1917 జూలైలో తిర్సా రెండోన్ అనే ఆమె, అలీసియా ఆర్నో అండగా ఉండగా, సుత్తి ఎత్తి వాడి కథ ముగించింది. ఇంచుమించు అదే సమయానికి సముద్రం మీద పొగ కనిపించింది. అది అమెరికా యుద్ధనౌక 'యార్క్‌టౌన్'. మొదటి ప్రపంచయుద్ధ కాలం కనుక జర్మన్ల జాడ ఏదైనా ఉందేమోనని గస్తీ తిరుగుతూ వచ్చిందది. జూలై 18న ఆ ఓడ ఎక్కినవాళ్లు స్త్రీలు, పిల్లలు కలిసి 11 మంది. వందమంది ఊళ్లో మిగిలింది అంతే. వాళ్లను మెక్సికోలోని సలీనా క్రూజ్ రేవులో దించారు.

ఇక్కడ ఒక తేదీ చెప్పి తీరాలి. అదే సంవత్సరం, 1917 ఫిబ్రవరి 5న, మెక్సికో తన కొత్త రాజ్యాంగాన్ని ప్రకటించింది. ఆ రాజ్యాంగం 42వ అధికరణం దేశ భూభాగాన్ని వివరిస్తూ ఈ పాషన్ దీవిని పేరు పెట్టి మరీ చెప్పింది. దీవి పేరు రాజ్యాంగంలోకి ఎక్కిన ఆ రోజున, ఆ దీవి మీద మెక్సికో ఆడబిడ్డలు పక్షిగుడ్లు ఏరుకుని తింటూ ఓడ కోసం ఎదురు చూస్తున్నారు. నేలను మరచిపోలేదు. నేల మీది మనుషుల్ని మరచిపోయారు.

మరో 14 ఏళ్లకు, 1931 జనవరి 28న ఇటలీ రాజు తీర్పు చెప్పాడు. దీవి ఫ్రాన్సుది.

ఆయన చూపిన కారణాలు వినదగ్గవి. స్పెయిను నుంచి సంక్రమించిందన్న మెక్సికో వాదనకు ఆయన రుజువు అడిగాడు. స్పెయిన్ వాళ్లే దీవిని కనిపెట్టారనడానికి ఆధారం లేదు. పోనీ కనిపెట్టారనుకున్నా, అక్కడ అధికారం చెలాయించినట్టు దాఖలా లేదు. కనుక 1858 నవంబరులో క్లిప్పర్టన్ ఎవరికీ చెందని భూమి. మరి ఫ్రాన్సు మాత్రం ఏం చేసింది? జెండా పాతలేదు, కాపురం పెట్టలేదు. దీనికి రాజు ఇచ్చిన సమాధానం ఇది. మామూలుగా భూమిని తనదనాలంటే నిజంగా స్వాధీనంలోకి తెచ్చుకోవాలి, అక్కడ తన మాట చెల్లేలా ఏర్పాటు చేయాలి. కాని మనిషన్నవాడు లేని చోట ఎవరి మీద మాట చెల్లించుకోవాలి? ఎదురు చెప్పేవాడే లేనప్పుడు, ఆ దేశం అక్కడికి వచ్చిన మొదటి క్షణం నుంచే భూమి పూర్తిగా దాని అధీనంలో ఉన్నట్టు. ఇక లోకానికి తెలియజేశారా అంటే, హొనొలులు పత్రికలో వేయించిన ప్రకటన ఉంది. 40 ఏళ్లు పట్టించుకోకపోవడం వల్ల హక్కు పోతుందా అంటే, వదులుకునే ఉద్దేశం ఫ్రాన్సుకు ఎన్నడూ లేదు కనుక పోదు.

అంతర్జాతీయ న్యాయం చదివే విద్యార్థులకు ఈ తీర్పు నేటికీ పాఠమే. 1858 నాటి హక్కు నిలబడిందంటే, 1897లో మెక్సికో వచ్చేనాటికే దీవి పరులది. అప్పుడు ఆ తర్వాత కట్టిన ఇళ్లు, దీపస్తంభం, పెట్టిన కాపలా, తవ్విన గోతులు, చివరికి తవ్విన సమాధులు, వీటిలో ఏదీ తూకంలోకి రాదు. నాలుగు రోజులు దీవి చుట్టూ తిరిగిన ఓడ గెలిచింది. పదేళ్లకు పైగా దాని మీద బతికి చచ్చినవాళ్లు ఓడిపోయారు.

మెక్సికో ఆ తీర్పును మన్నించింది. మూడేళ్లు ఆలస్యమైనా, 1934లో రాజ్యాంగం సవరించి ఆ దీవి పేరు తీసేసింది. 1935లో ఫ్రెంచి ఓడ వచ్చి లాంఛనంగా స్వాధీనం చేసుకుంది. యుద్ధం చేయకుండా, పెద్దమనిషి మాటకు కట్టుబడి ఇంత పంతాన్ని వదులుకోవడం చిన్న సంగతి కాదు. ఆ గౌరవం మెక్సికోకు ఇవ్వాలి.

ఫ్రాన్సుకు దక్కిందేమిటి అని మీరు అడగవచ్చు. గ్వానో వ్యాపారం ఎప్పుడో పోయింది. దీవిలో నేటికీ కాపురం లేదు. కాని కాలం మారి సముద్ర చట్టాలు వచ్చాయి. దీవి ఎవరిదైతే చుట్టూ 200 నాటికల్ మైళ్ల సముద్ర సంపద మీద హక్కు వారిదే అంటుంది ఫ్రాన్సు. ఆ లెక్కన 2 చదరపు కిలోమీటర్ల దిబ్బ చుట్టూ సుమారు 4,30,000 చదరపు కిలోమీటర్ల సముద్రం దాని ఖాతాలో పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం 2,75,000 చదరపు కిలోమీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు! అక్కడి ట్యూనా చేపల కోసం మెక్సికో మత్స్యకార నౌకలకు 2007లో ఫ్రాన్సు ఒప్పందం మీద అనుమతి ఇచ్చింది. ఆ పేరుతోనే క్లారియన్-క్లిప్పర్టన్ మండలం అని పిలిచే లోతు సముద్రం దగ్గర్లో మొదలై పడమటికి సాగుతుంది. అది ఏ ఒక్క దేశానిదీ కాని సముద్రం. దాని అడుగున మాంగనీసు, నికెలు, కోబాల్టు ఉన్న ఖనిజపు ముద్దలు పరుచుకుని ఉన్నాయి. వాటిని అన్వేషించడానికి 2001 నుంచి అంతర్జాతీయ సంస్థ ద్వారా అనేక దేశాలు ఒప్పందాలు రాయించుకున్నాయి. రెట్ట పోయి లోహం వచ్చింది. గనుల మాట మాత్రం పోలేదు.

శ్రోతలారా, ఇంత దూరపు దీవి కథ మనకెందుకు అనిపించవచ్చు. యానాం శ్రోతలు అలా అనరు. క్లిప్పర్టన్ మీద పత్రం రాసిన 1858లో యానాం మీద ఎగిరింది కూడా ఆ మూడో నెపోలియన్ జెండాయే. పారిస్‌లో రాసిన కాగితం గోదావరి ఒడ్డున ఎంత దూరం నడుస్తుందో ఆ ఊరికి తెలుసు. 1954లో ఆ జెండా దిగేనాటికి అక్కడ మాట్లాడటానికి మనుషులున్నారు, వారి ఇష్టానికి విలువ ఉంది. క్లిప్పర్టన్‌లో మాట్లాడగలిగినవాళ్ల మాట ఎవరూ అడగలేదు.

తిరుత్తణి, సత్యవేడు ప్రాంతాల శ్రోతలకు ఇంకొక మధ్యవర్తి పేరు గుర్తుండాలి. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య పొలిమేర తేల్చిన హెచ్.వి. పటాస్కర్. ఆయన గ్రామాన్ని ఒక యూనిట్‌గా తీసుకున్నాడు. ఊరికి ఊరు ఆనుకుని ఉందా, అక్కడ ఎక్కువమంది ఏ భాష మాట్లాడతారు అని చూశాడు. 1960 ఏప్రిల్ 1న ఊళ్లు అటూ ఇటూ మారాయి. అందరికీ తృప్తి కలగలేదు. ఏ పొలిమేర తీర్పూ అందరినీ తృప్తిపరచదు. కాని ఆ కొలతలో మనిషి ఉన్నాడు, మనిషి నోటి మాట ఉంది. ఇటలీ రాజు కొలతలో ఉన్నవి ఒక ఓడ, ఒక పత్రం, ఒక పత్రికా ప్రకటన. చట్టం ప్రకారం ఆయన తప్పు చేయలేదు. ఆయన్ను అడిగిన ప్రశ్నే అది. దీవి ఎవరిది అని అడిగారు. దీవి మీద ఉన్నవాళ్లు ఎవరి బాధ్యత అని ఫ్రాన్సు అడగలేదు, మెక్సికో అడగలేదు.

పట్టా ఎవరిదో తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. వ్యాజ్యాలు అలాగే నడుస్తాయి. వ్యాజ్యం నడిచినన్నాళ్లూ ఆ పొలిమేర మీద కాపురం ఉన్నవాళ్లకు రేషను ఎవరు పంపాలి, వైద్యుణ్ణి ఎవరు పంపాలి, బడి ఎవరు నడపాలి అన్నది తీర్పు కోసం ఆగదు. రెండు ప్రభుత్వాలు మాదంటే మాదని పోటీపడే చోట, పనుల విషయం వచ్చేసరికి మీదంటే మీదని తప్పుకునే సందర్భాలు మీలో చాలామంది ఎరిగినవే. అలాంటి చోట ముందుగా అడగవలసిన ప్రశ్న గట్టు గురించి కాదు. గట్టు మీద నిలబడ్డ మనిషి ఇవాళ అన్నం తిన్నాడా అన్నది. క్లిప్పర్టన్‌లో ఆ ప్రశ్న ఒక్కరు అడిగి, ఆ ఏడాది ఒక్క ఓడ పంపి ఉంటే, వందమందిలో 11 మందే మిగిలేవారు కాదు.